నెమలీకల కట్ట

డెబ్బైల్లో అరకులోయ షూటింగుకి నేనే ప్రొడక్షన్ మేనేజర్ని. కెమెరా ముందు కొండ ఆడవాళ్ల థింసా నాట్యం సాగుతోంది. మద్రాసు నుంచి వచ్చిన నిర్మాత ‘కట్’ అని అరిచాడు. పెట్టుబడి తనదని బెజవాడ డిస్ట్రిబ్యూటరు ‘ఆపొద్దు’ అన్నాడు. దర్శకుడు ఇద్దరి మొహాలూ చూస్తూ నిలబడ్డాడు. ఫిలిం వృథాగా తిరిగిపోతుంటే నాకు ఒళ్లు మండింది. ఆడేవాళ్లు ఆ కేకలు పట్టించుకోలేదు. వరస చివర నెమలీకల కట్ట పట్టిన పెద్దావిడ చెయ్యి దించితేనే ఆట ఆగుతుంది. యూనిట్ మొత్తంలో ఆ సంగతి కనిపెట్టింది నేనొక్కడినే. తిన్నగా ఆవిడ దగ్గరికెళ్లి, ఆపమని దండం పెట్టాను. కట్ట దించింది. అందరూ ఆగారు. అరుస్తున్న ఆ ఇద్దరినీ చూసి ఆవిడ నవ్వింది.

“మా ఆటకి పెద్దని నానే బాబూ. మీకు పెద్దెవులో బేగి తేల్సుకోండి.”