బావగారు వెనక నిలబడి నేర్పిన బండి

కాస్త ఇటు జరిగి దగ్గరగా కూర్చోండి. ఈ వాన చప్పుడులో నా మాట మీదాకా రావాలి గదా. పొద్దున్నుంచీ ముసురు పట్టింది. వంటింటి కిటికీలోంచి నల్లరేగడి తడిసిన వాసన లోపలికి వస్తోంది. ఇందాక డొంక వైపు ఏదో బండి బురదలో దిగబడి, గేరు మార్చుకుంటూ మూలుగుతున్న చప్పుడు వినపడింది. నా చేతిలో అట్లకాడ అట్లాగే ఆగిపోయింది, పెనం మీద అట్టు మాడింది. ఆ మూలుగు వింటే నాకు మా బావగారు గుర్తొస్తారు. మా ఆయనకు అన్నగారు. మీరెవరూ ఆయన్ని ఎరగరు. ఎరిగినా ఆయన గురించి చెప్పుకోవడానికి మీ దగ్గర పెద్దగా మాటలు ఉండేవి కావు, ఎందుకంటే ఆయనే పెద్దగా మాట్లాడేవారు కాదు.

మా ఊరు పర్చూరు నుంచి చీరాల పోయే దారికి లోపలగా ఉంటుంది. తారు రోడ్డు దిగి డొంక పట్టుకుని రావాలి. మధ్యలో వాగు, దాని మీద రెయిలింగు లేని చప్టా. ఎండాకాలం ఆ డొంక మీద ఏ బండైనా పోతుంది. నాలుగు చినుకులు పడ్డాయా, చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సిందే, అడుగడుక్కీ కాలికి మట్టి ముద్ద పెరుగుతూ ఉంటుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా వైపు మిరపకు మంచి రేటు పలికి, ఊళ్ళో నలుగురైదుగురు తెల్ల కార్లు కొన్నారు. మా బావగారు కూడా కారే కొంటారని ఇంటిల్లిపాదీ అనుకున్నారట. ఆయన మాత్రం కాలవ పని ముగించుకుని వెళ్ళిపోతున్న ఒక కంట్రాక్టరు దగ్గర పాత పికప్పు కొనుక్కొచ్చారు. ముందు ముగ్గురు కూర్చునే ఒకటే సీటు, వెనక ఖాళీ తొట్టి, మా నడుముల ఎత్తు చక్రాలు. గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉండేది. అది వేస్తే నాలుగు చక్రాలూ లాగుతాయట. మా అత్తగారు చుట్టూ తిరిగి చూసి, "ఏందిరా పెద్దోడా ఇది, లారీ ఈనిన పిల్లలాగుంది" అన్నారట.

పొలానికి ఒక బండి, ఊరెళ్ళడానికి ఒక బండి అని ఆయనకు తేడా లేదు. మిరప టిక్కీలు మోసిన బండిలోనే పెళ్ళికి, పత్తి బోరేలు దింపిన బండిలోనే గుడికి. టిక్కీ అంటే మా వైపు ఎండుమిరపకాయల బస్తా, బోరే అంటే పత్తి కుక్కిన పెద్ద గోతం. చీర కట్టుకుని అంత ఎత్తు ఎక్కలేక, నేనూ మా అక్కయ్యా ఒక పీట వెంట పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. అక్కయ్య అంటే బావగారి భార్య, నా తోటికోడలు. ఒకసారి చీరాలలో చీరల కొట్టు ముందు బండి ఆపితే, కొట్టు గుమస్తా బయటికొచ్చి, లోడు వెనక గోడౌనులో దింపాలని చెప్పాడు. అక్కయ్య కిటికీలోంచి తల బయటపెట్టి, "లోడు మేమేనయ్యా, ఎక్కడ దింపుతావో దింపు" అంది. ఆ గుమస్తా నాలిక్కరుచుకుని, ఆ పూటంతా మాకు రెండుసార్లు కూల్‌డ్రింకులు తెప్పించాడు.

ఇక తుమ్ముల సంగతి. ఎంత కడిగినా ఆ బండి సందుల్లో మిరప దుమ్ము ఉండనే ఉండేది. అద్దం దించితే చాలు, గాలికి లేచేది. మా ఆడపడుచు కూతురికి తాంబూలాలు పుచ్చుకోవడానికి అందరం బయల్దేరుతున్నాం. బండి కదలబోతుండగా ఎవరో తుమ్మారు. మా అత్తగారు అందర్నీ కిందికి దింపి, కాళ్ళు కడిగించి, మంచినీళ్ళు తాగించి, మళ్ళీ ఎక్కించారు. మళ్ళీ తుమ్ము. మళ్ళీ దిగాం. మూడోసారి అత్తగారే తుమ్మారు. అప్పుడు బావగారు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, "అమ్మా, ఇది శకునం కాదే, మిరపకాయ. ముహూర్తం దాటిపోద్ది, కూర్చో" అన్నారు. ఆ పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. ఆ పిల్లకిప్పుడు ఇద్దరు పిల్లలు.

అంత పెద్ద బండి రోజూ తిప్పడం దేనికని ఊళ్ళో అంటూనే ఉండేవారు. డీజిలు తాగుతుందనీ, ఆ నాలుగు చక్రాల లాగుడు ఏడాదికి నాలుగు రోజులు కూడా పనికిరాదనీ. నేను కాపురానికి వచ్చాక ఒకటి గమనించాను. ఆకాశంలో మబ్బు కమ్మితే చాలు, అన్నం తింటున్నా చెయ్యి కడుక్కుని వెళ్ళి ఆయన బండి స్టార్టు చేసేవారు. కాసేపు ఇంజను అట్లా తిరగనిచ్చి, ఆపి, వచ్చి మళ్ళీ కూర్చునేవారు. ఒకనాడు కళ్ళంలో మిరపకాయలు ఏరుతూ, ఇదేం అలవాటని అక్కయ్యను అడిగాను.

అక్కయ్యకు ఆయాసం ఉండేది. మిరప సీజను వచ్చిందంటే ఆ ఘాటుకి మరీ ఎక్కువయ్యేది. ఆ బండి కొనకముందు, నేనింకా కాపురానికి రానప్పుడు, ఒక వానరోజున ఆయాసం ఎక్కి ఊపిరి ఆడలేదట. డొంక మీదికి ఆటో రానంది. కారు ఉన్నవాళ్ళు కారు తీసినా చక్రాలు దిగబడిపోయాయి. చివరికి ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి, పైన పట్టా పట్టుకుని తీసుకెళ్ళారట. ఆసుపత్రికి చేరేసరికి అక్కయ్య పెదాలు నల్లబడ్డాయట. "బతికితే బతికాను గానీ చెల్లీ, ఆ దారంతా ఆయన మొహం చూశాను చూడు, అది మర్చిపోలేను" అంది. ఆ తర్వాత నెల తిరక్కుండా బండి వచ్చింది. "ఎందుకు కొన్నాడో నాకూ చెప్పలా. మబ్బు పట్టినప్పుడల్లా పోయి స్టార్టు చేస్తుంటే అప్పుడర్థమయింది" అంది.

అట్లాంటి మనిషి ఒకరోజు మా ఆయనతో, అమ్మాయికి బండి నేర్పుతానన్నారు. అమ్మాయంటే నేను. సీజనులో మా ఆయన సరుకుతో గుంటూరు మిరప యార్డుకు వెళితే, అమ్ముడయ్యేదాకా అక్కడే ఉండిపోయేవారు. అప్పుడిక ఇంట్లో బండి తోలడం వచ్చినవాళ్ళు బావగారొక్కరే. "నేను జ్వరమొచ్చి పడుంటే ఎట్టా? ఇంట్లో ఇంకొకరికి రావాలి" అన్నారాయన. అత్తగారు ఒప్పుకోలేదు. ఇంటి కోడలు లారీ తోలితే నలుగురిలో తలెత్తుకోగలమా అన్నారు. "ఊపిరాడక పోతుంటే నలుగురూ వచ్చి ఊదరమ్మా" అన్నారు బావగారు. ఆయన తల్లికి గట్టిగా ఎదురు చెప్పడం నేను విన్నది అదొక్కసారే.

కానీ ఒక చిక్కు ఉంది. మా ఇళ్ళల్లో మరదలు బావగారి పక్కన కూర్చోదు. ఆయన అరుగు మీద ఉంటే నేను వాకిట్లోకి రావాలన్నా గోడవారగా వెళ్ళేదాన్ని. అట్లాంటిది ఒకే సీటు మీద కూర్చుని బండి నేర్చుకోవడమా? బావగారు దానికి పెద్దగా ఆలోచించలేదు. నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, ఏది క్లచ్చో ఏది బ్రేకో కిటికీ బయట నిలబడి చూపించి, తాను వెళ్ళి వెనక తొట్టిలో ఎక్కారు. క్యాబిన్ పైకప్పు మీద కుడి మూల కొడితే కుడికి తిప్పాలి, ఎడమ మూల కొడితే ఎడమకు. నడిమధ్యలో కొడితే ఆపాలి.

జొన్న కోసేసిన చేలో మొదలుపెట్టాం. మొదటి రోజు నేను క్లచ్చు వదిలిన తీరుకి ఆయన తొట్టిలో ఈ చివర్నుంచి ఆ చివరకు వెళ్ళి పడ్డారు. లేచి పంచె దులుపుకుని, మధ్యలో కొట్టి ఆపించి, మళ్ళీ మొదలుపెట్టమన్నారు. గొర్రెలు మేపుకునేవాళ్ళు గట్టు మీద నిలబడి చూసేవారు. వాళ్ళలో ఒకాయన, "పెద్దయ్యా, మరదలు తోలుతుంటే నువ్వు వెనక తప్పెట కొడుతుండావా" అని కేకేశాడు. బావగారు కూడా కేకేశారు, "తప్పెట మోగినంతసేపూ నీ గొర్రెల్ని పక్కకు పెట్టుకో" అని.

చేనయ్యాక డొంక. డొంకయ్యాక బురద. వాన పడిన మర్నాడు కావాలనే తీసుకెళ్ళేవారు. బండి దిగి ముందు చక్రాల నడిబొడ్డున ఉండే మూతలు తిప్పడం, చిన్న రాడ్డు వేయడం నేర్పారు, ఆ రెండూ చేస్తేనే ముందు చక్రాలు కూడా లాగుతాయి. బురదలో నేను భయపడి గట్టిగా తొక్కేదాన్ని, చక్రాలు అక్కడే తిరిగి ఇంకా లోతుకు పోయేవి. అప్పుడాయన దిగి కిటికీ దగ్గరకొచ్చి, నా మొహం వంక చూడకుండా బురద వంక చూస్తూ, "జావ కాచేటప్పుడు మంట ఎట్టా పెడతావమ్మా? పెంచితే పొంగుద్ది, తగ్గిస్తే ఉడకదు. కాలు అట్టా పెట్టు. మధ్యలో మాత్రం ఆపబాకు" అన్నారు. ఆ మాట తర్వాత నా కాలికి తెలివొచ్చింది. రోజులు గడిచేకొద్దీ పైకప్పు మీద దెబ్బలు తగ్గాయి.

ఆ మరుసటి సీజనులో ఆయన భయపడ్డ రోజు రానే వచ్చింది. మా ఆయన యార్డులో ఉన్నారు. బావగారు టిక్కీలు ఎత్తిస్తూ జారిపడి, కుడిచెయ్యి విరిగి, మోచేతిదాకా కట్టు కట్టించుకుని ఉన్నారు. కళ్ళాల నిండా కాయ పరిచి ఉంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. ఊరు ఊరంతా పట్టాలు పట్టుకుని కళ్ళాలకు పరిగెత్తింది. వద్దన్నా వినకుండా అక్కయ్య కూడా వచ్చి పట్టా కొస పట్టుకుంది. గాలికి పట్టా లేచి కొట్టేసరికి ఎండుకాయ దుమ్మంతా ఆమె మొహాన పడింది. అంతే, కూలబడిపోయింది. పీల్చే మందు పీల్చినా ఊపిరి అందలేదు. మెడ దగ్గర గుంట లోపలికి పీక్కుపోతోంది. అప్పటికే చినుకులు మొదలయ్యాయి.

అక్కయ్యను సీటు మీద చేరేసి, తలుపుకు ఆనించి, దిండ్లు పెట్టాం. బావగారు ఎడమచేత్తో పట్టుకుని వెనక తొట్టిలోకి ఎక్కారు. "పోనీ అమ్మా. నేను వెనకుండా" అన్నారు. నేను చక్రాల మూతలు తిప్పి, చిన్న రాడ్డు వేసి, బండి కదిలించాను.

డొంక సగం దాకా నాకు దారి కంటే అక్కయ్య ఊపిరే ఎక్కువ వినపడింది. సన్నగా, పిల్లనగ్రోవిలో గాలి పోయినట్టు. వాగు దగ్గరికొచ్చేసరికి, ఎగువన అప్పటికే కురిసిందేమో, చప్టా మీద ఎర్రనీళ్ళు పారుతున్నాయి. అంచులు కనపడటం లేదు. ఏ పక్కకు ఒక మూర జరిగినా బండి వాగులోనే. పైకప్పు మీద దెబ్బ కోసం చెవులు రిక్కించాను. కుడికా, ఎడమకా, ఆగమంటారా? ఏ చప్పుడూ లేదు. ఆయన పడిపోయారేమో. చూడటానికి వీల్లేదు, అద్దమంతా నీళ్ళు. అక్కయ్య చెయ్యి వచ్చి నా మోకాలి మీద పడింది. అప్పుడు చూశాను, అంచు ఉన్నచోట నీళ్ళు మడతపడి కిందికి జారుతున్నాయి. ఆ రెండు మడతల మధ్యనే దారి. కాలు ఎక్కువా తక్కువా కాకుండా పెట్టి పోనిచ్చాను. గట్టెక్కేచోట బండి వెనక భాగం పక్కకు జారింది. స్టీరింగు జారిన వైపే కొద్దిగా తిప్పి, కాలు ఎత్తకుండా పట్టాను. నాలుగు చక్రాలూ పట్టుకున్నాయి. తారు రోడ్డు ఎక్కాక కూడా పైకప్పు మీద చప్పుడు లేదు.

చీరాల ఆసుపత్రిలో వెంటనే ఆక్సిజన్ పెట్టారు. బావగారు నిలువెల్లా తడిసి, కట్టు నానిపోయి, మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డారు. సాయంత్రానికి అక్కయ్య కళ్ళు తెరిచి, కళ్ళంలో కాయ ఏమైందని అడిగింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. బావగారు టీ తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టి, కాస్త దూరంగా నిలబడ్డారు. అన్నాళ్ళలో ఆయన్ని నేనై ఒక మాట అడగడం అదే మొదలు.

"వాగు దగ్గర ఎందుకు కొట్టలేదండీ బావగారూ? పడిపోయారేమోనని హడలిపోయాను."

"కొడదామనే చెయ్యెత్తానమ్మా," అన్నారు. "కొడితే నువ్వు నా దెబ్బ వింటావు, నీళ్ళు చూడవు. వెనకున్న నాకంటే ముందున్న నీకే దారి బాగా కనపడుద్ది గదా."

ఆ మనిషి భార్య ప్రాణం ఆ సీటు మీద ఉంది. ఎత్తిన చెయ్యి అట్లాగే ఆపుకోవడానికి ఎంత గుండె ఉండాలో, అప్పుడు కాదు, ఏళ్ళు గడిచేకొద్దీ నాకు తెలిసొచ్చింది.

రెండో రోజు ఇంటికి తిరిగొచ్చేటప్పుడు అక్కయ్య మధ్యలో కూర్చుంది. బావగారు తొట్టి ఎక్కబోతే, "ఆ చేత్తో మళ్ళీ వెనకెక్కుతావా, ముందుకొచ్చి కూర్చో" అని గదమాయించింది. ఆయన నా వంక చూడకుండా తలుపు పక్కన ఎక్కి కూర్చున్నారు. చీరాల దాటామో లేదో, తల అద్దానికి ఆనించి నిద్రపోయారు. ఊరొచ్చేదాకా లేవలేదు. ఆ ఏడాది మా కళ్ళంలో సగం కాయ తడిసి తెల్లబడి తాలయిపోయింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా అత్తగారు మాత్రం, లారీ తోలే కోడలని వచ్చినవాళ్ళకల్లా నన్ను చూపించడం మొదలుపెట్టారు.

బావగారు పోయి చాలా ఏళ్ళయింది. బండి పాతబడి, తుప్పుపట్టి, దాని దారిన అదీ పోయింది. అక్కయ్య నా దగ్గరే ఉంది, ఇప్పటికీ నాతో పోట్లాడేంత ఊపిరి ఉంది. ఇప్పుడు సేద్యం నా కోడలు చూసుకుంటోంది. ఏ విత్తనం పెట్టాలో, ఏ పొలం కౌలుకు తీసుకోవాలో ఆ పిల్లే తేలుస్తుంది. నాకు తోచింది చెప్పాలని మాట నోటిదాకా వస్తుంది. ఆ పిల్ల కళ్ళు దారి మీద ఉన్నాయా లేదా అని ఒకసారి చూస్తాను. ఉన్నాయనుకుంటే, ఆ మాట అక్కడే మింగేసి, ఊరికే తన వెనక నిలబడతాను. అది తేలికైన పని కాదు. రోజూ చేస్తున్నా ఇంకా పూర్తిగా రాలేదు.

వాన తగ్గినట్టుంది, ఇక లేవండి. మీ ఇంట్లో పెద్దా చిన్నా అందరి ఊపిరీ చల్లగా ఆడాలి. గడ్డు దారిలో మీరు ముందుంటే, మిమ్మల్ని నమ్మి నోరు మెదపకుండా వెనక నిలబడే మనిషి మీ ఇంట ఒకరుండాలి.