హారన్ కొట్టని గల్లీ

కరోనా రెండో అల తగ్గాక సెకండ్ హ్యాండ్ లారీ కోసం జగిత్యాల నుంచి సూరత్ వెళ్లాను. అక్కడి నవాగామ్‌లో ఒక సేఠ్ దగ్గర బేరం కుదిరింది. బండిని గేటు బయటికి తీసి, బయలుదేరుతున్నానని ఇంటికి ఫోన్‌లో చెబుతుంటే ఒకామె కిటికీ కిందికి వచ్చింది. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"మీది తెలంగాణనా అన్నా? ఈ గల్లీ దాటేదాంక జర హారన్ కొట్టకు."

"ఎందుకమ్మా?"

"మా ఆయన నడిపిన బండి ఇది. కరోనాల పాయె. మా ఇల్లు ఈ గల్లీలనే. గా హారన్ ఇంటే మా పోరి బాపు అచ్చిండని బయటికి ఉరుకుతది."

సరేనన్నాను. కానీ గల్లీ నిండా తోపుడు బండ్లు, స్కూటర్లు, మనుషులు. ఎలాగా అనుకునేలోపే ఆమె లారీ ముందు నడవడం మొదలుపెట్టింది. "హటో భాయ్, హటో" అని చేతులు ఊపుతూ దారి చేసింది, అదీ గొంతు పెంచకుండా. మెయిన్ రోడ్డు వచ్చాక పక్కకు తప్పుకుని, ఇక పోనివ్వమన్నట్టు క్లీనర్‌లా తలుపు మీద అరచేత్తో చరిచింది.

ఇల్లు చేరిన మర్నాడే హారన్ మార్పించాను. ఇప్పుడు ఆ కొత్త హారన్ వినబడగానే మా బిడ్డ వీధిలోకి ఉరికి వస్తుంది. ఆ పరుగు చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది.