మలుపు దగ్గర చినార్లు

వలెరోల్ అనే చిన్న ఊళ్లో ఉన్నది ఎనభై ఒక్క మంది. వాళ్లకు బజిల్ దెల్మా పంతొమ్మిదేళ్లుగా మేయరు. ఆ పని మీద మోజు పడి కాదు, మరెవరూ ముందుకు రాక. తెగిన కరెంటు తీగ, తప్పిపోయిన ఆవు, ఎండిన కుళాయి, ఏదైనా అతని నెత్తినే.

ఒక ఫిబ్రవరిలో జిల్లా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రోడ్డు మలుపు దగ్గరి మూడు చినారు చెట్లు బండ్లకు ప్రమాదం, కొట్టేయమని. ఏడుగురు సభ్యుల ఊరి సభలో బజిల్ చిన్ననాటి నేస్తం ఒదిల్ ఒప్పుకోలేదు.

"మా తాత నాటినవి బజిల్. చిన్నప్పుడు నువ్వూ నేనూ ఎక్కలేదూ వాటిని?"

అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. మేయరు చెయ్యి ఎటు లేస్తే అటే తీర్పు. ఉత్తరంలో ఉన్నది నిజమేనని బజిల్‌కు తెలుసు. అయినా ఒదిల్ మొహం చూసి ఆమె వైపే చెయ్యెత్తాడు.

నవంబరులో ఒక ఉదయం పోలీసులు వచ్చారు. మంచు, తడిసిన ఆకులు. కలప కోతమిల్లుకు బైకు మీద వెళుతున్న ఒదిల్ కొడుకు తిబో చెట్టుకు గుద్దుకుని అక్కడికక్కడే పోయాడు. ఇరవై నాలుగేళ్లవాడు. చావు కబురు ఇంటికి మోసేది మేయరే.

ఒదిల్ కోడి ఈకలు పీకుతోంది. "ఏం మేయరుగారూ, పొద్దున్నే ఏ కాగితం మీద సంతకం? బూట్లు తుడుచుకుని రా."

"ఒదిల్, కూర్చో."

అతని వెనక గేటు దగ్గర పోలీసులు కనిపించారు. ఆమె కూర్చోలేదు.

"ఎక్కడ?"

"మలుపు దగ్గర."

కోడి చేతిలోంచి జారింది. ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగింది పాతిపెట్టిన రోజున, శ్మశానం గేటు దగ్గర.

"నేనంటే ఏదో పిచ్చి మమకారంతో అడిగాను. ప్రమాదమని నీకు తెలుసు కదా. మేయరువి నువ్వు! నా మాటెందుకు విన్నావు?"



వారంలో బజిల్ చెట్లు కొట్టించాడు. ఈసారి ఎవరినీ అడగలేదు. మొద్దులు కావలసినవాళ్లు పట్టుకెళ్లండని చెప్పించాడు. చలికాలం కట్టెలకు కటకటలాడే ఊరు, అయినా ఒక్కరూ ముట్టుకోలేదు. అవి అక్కడే చివికిపోయాయి.

మార్చి ఎన్నికల్లో బజిల్ పోటీకి పేరు ఇవ్వలేదు. ఇంకెవరూ ఇవ్వలేదు. కొన్నాళ్లు జిల్లా నుంచి ముగ్గురు అధికారులొచ్చి ఊరి పనులు చూసుకున్నారు. తరవాత ఊరిని పక్క ఊళ్లో కలిపేశారు. మేయరు ఆఫీసు తాళంచెవి అప్పగించి వచ్చిన రోజు అతను అన్నం ముట్టలేదు.

రొట్టెల బండి మంగళ, శుక్రవారాల్లో వస్తుంది. ఒదిల్ కొనుక్కుని వెళ్లిపోయేదాకా బజిల్ తలుపు వెనకే నిలబడేవాడు. ఒక శుక్రవారం బండామె అడగడం వినిపించింది.

"ఈ మేయరుగారింకా రాలేదేం?"

"వస్తాడులే," అంది ఒదిల్. "బాగా కాలింది ఒకటి పక్కన పెట్టు. మెత్తటిది తినడు."

ఆమె అడుగుల చప్పుడు దూరమైంది. అయినా అతనికి తలుపు తియ్యడానికి చెయ్యి లేవలేదు.