పదకొండు జతలు, ఒక్క కిటికీ

మా మరిదికి, అంటే మా చెల్లెలి మొగుడికి, పదకొండు జతల బూట్లున్నాయి. ఒక్క జతా ఇంతవరకు వీధి మొహం చూడలేదు. వాటి అడుగుభాగం అద్దంలా అవతలివైపు కనబడే రకమట. లెక్కపెట్టినన్నే తయారుచేస్తారట. కొనుక్కోవడానికి జనం దుకాణం ముందు పడిగాపులు పడతారట. తను మాత్రం మడమల దగ్గర అరిగిపోయిన రబ్బరు చెప్పులతో ఉద్యోగానికి వెళ్తాడు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే పని. "ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి" అని రోజంతా జనానికి చెప్పి, ఇంటికొచ్చి తెల్ల గ్లవుజులు తొడుక్కుని, పెట్టె మూత తీసి, తనే ఊపిరి బిగబట్టి చూసుకుంటాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. అడుసు తొక్కకుండానే వారం వారం కడిగే మనిషిని ఇతన్నే చూశాను. జోళ్ళ జమీందారు అని పేరు పెట్టింది నేనే.

ఆ బూట్లకొచ్చే జబ్బు ఒకటే. ఎండ తగిలితే అడుగు పచ్చబడుతుంది. తేమ తగిలినా అంతే. అందుకని మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు ఆసుపత్రి నుంచి ఏరుకొచ్చి పెట్టెల్లో పడేశాడు. ఒక్కో బూటుకీ వంటింటి ప్లాస్టిక్ కాగితం చుట్టాడు. అంతటితో ఆగితే ఎవరికేం నష్టం? వాళ్ళింట్లో ఉన్నవి రెండు గదులు, వెలుతురొచ్చే కిటికీ ఒక్కటే. పాత ఎక్స్‌రే ఫిలిం చుట్టే నల్ల కాగితం తెచ్చి ఆ కిటికీకి సందు లేకుండా అంటించేశాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట వెనకటికొకడు.

ఆ కిటికీ కింద మా చెల్లెలి కుట్టుమిషన్ ఉండేది. లాయర్లు వేసుకునే నల్ల కోట్లు కుడుతుంది అది. నల్ల గుడ్డ మీద నల్ల దారం, పగటి వెలుతురు లేకపోతే కుట్టు కనబడదు. మూడేళ్ళుగా లోపలి మూల ట్యూబులైటు కింద, గుడ్డని ముక్కుకి ఆనించుకుని కుడుతోంది. పోయిన నెల ఒక కోటుకి చేతులు నీలం దారంతో కుట్టేసింది. దుకాణం ఆయన దాన్ని తిప్పి పంపి, మరోసారి ఇలా జరిగితే పని ఇంకొకరికి ఇస్తానన్నాడు. ఆ సంగతి ఫోనులో చెబుతూ ఏడ్చింది. నాకు ఒళ్ళు మండి మర్నాడే బస్సెక్కాను.

"ఏమయ్యా, దాని కళ్ళు పోయేట్టున్నాయి. ఆ కాగితం పీకెయ్," అన్నాను గుమ్మంలోనే.

"మీకు తెలీదు వదినా. ఒక్క పూట ఎండ పడిందంటే ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే. కావాలంటే ఇంకో ట్యూబులైటు వేయిస్తా."

"ఇప్పటికే రెండున్నాయండీ," అంది చెల్లెలు.

"మూడోది వేయిద్దాం."

రోజంతా పరాయివాళ్ళ ఎముకలు చూసే మనిషికి ఎదురుగా ఉన్న పెళ్ళాం కళ్ళు కనబడలేదు.

ఆదివారం పొద్దున్న కరెంటు లేక, పెట్టెలు గుమ్మం దగ్గర ఎండ పడనిచోట విప్పాడు. విప్పి, అక్కడే చతికిలబడ్డాడు. ట్యూబులైటు కింద ఇన్నాళ్ళూ తెలియలేదు గానీ, అన్నీ పచ్చబడ్డాయి. ముసలివాళ్ళ పళ్ళ రంగు. నాకు కలిగిన సంతోషం దాచుకోను. ఫోను తీసి తనలాంటి మహానుభావులనే అడిగాడు. చీకట్లో దాచినా గాలికీ వయసుకీ పచ్చబడక తప్పదని ఒకడు సెలవిచ్చాడు. ఇంకొకడు మందు చెప్పాడు: బ్యూటీ పార్లరులో జుట్టు రంగు పోగొట్టే క్రీము పూసి, ప్లాస్టిక్ చుట్టి, మంచి ఎండలో పెట్టమని.

పరిగెత్తుకెళ్ళి క్రీము తెచ్చాడు. సరాసరి కిటికీ దగ్గరకెళ్ళి ఆ నల్ల కాగితాన్ని పైనుంచి కిందికి ఒక్క లాగు లాగాడు.

"ముల్లుని ముల్లుతోనే తియ్యాలి వదినా!" అన్నాడు నాతో, ఉత్సాహంగా.

మూడేళ్ళుగా చెల్లెలు బతిమాలితే ఒక మూల కూడా విప్పనివాడు, బూట్ల కోసం అర నిమిషంలో పీకి పారేశాడు. నాకు నవ్వు రాలేదు. చెంప పగలగొట్టాలనిపించింది.

గదిలోకి ఎండ వచ్చింది. చెల్లెలు కాసేపు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. తర్వాత మిషన్ని గచ్చు మీద కిర్రుమనిపిస్తూ కిటికీ దగ్గరకు లాక్కొచ్చి, కత్తెర తీసుకుని కూర్చుంది. అతను క్రీము పూసిన బూట్లు కిటికీ గట్టు మీద వరసగా పేరుస్తున్నాడు.

"కాస్త జరుగు, నీ నీడ పడుతోంది. ఎండ సమంగా తగలకపోతే అడుగు మీద మచ్చలొస్తాయి. సాయంత్రం మళ్ళీ కాగితం అంటించేస్తాలే," అన్నాడు, కాగితం కోసం చుట్టూ చూస్తూ.

అది చెల్లెలి ఒళ్ళో ఉంది. అప్పటికే సగం ముక్కలైంది. కోటు చేతికి కొలత పెట్టి, నమూనా కాగితంగా కత్తిరిస్తోంది.

"మేడ మీద బోలెడు ఎండుంది," అంది కత్తెర ఆపకుండా. "మీ బూట్లు అక్కడ పెట్టుకోండి. ఈ కిటికీ నాది."