దేవసహాయం గారు ఎంచిన కొక్కెం

రొయ్యల గుంటలకు మట్టి తోలే ట్రాక్టర్లు రోజూ మా ఇంటి ముందే ఆగుతాయి. పొద్దున నేను అరుగు మీద కాఫీ తాగుతుండగా డ్రైవరు కుర్రాళ్ళు ట్రైలరు తెచ్చి తగిలిస్తారు. ఇనుప కడియం కొక్కెంలో పడగానే ఠంగుమని ఒక చప్పుడు, దాని వెనకే గొలుసు గలగల. మా ఆవిడకు అది ఉత్త రొద. నాకు మాత్రం చేతిలో గ్లాసు అట్లాగే నిలిచిపోతుంది. తడి చిప్పల నీచువాసన ముక్కుకు తగులుతుంది. తెల్లచొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుని, ట్రైలరు పక్కన గొంతుకూర్చుని, కొక్కేన్ని వేలితో తట్టి చూస్తున్న ఒక మనిషి కనబడతాడు. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది. ఏడుపు ఆ తర్వాత వస్తుంది.

ఆయన పేరు దేవసహాయం. మీరు ఎరిగి ఉండరు. మైపాడు దారిలో ఆయనది చిప్పలు తోలే వ్యాపారం. సముద్రపు ఒడ్డున, ఉప్పుటేరుల్లో ఏరిన చిప్పల్ని నెల్లూరు శివార్లలో ఉన్న సున్నపు బట్టీకి చేర్చేవారు. అప్పట్లో ఇల్లు కట్టాలన్నా, గోడకు వెల్ల వేయాలన్నా, తాంబూలం వేసుకోవాలన్నా ఆ సున్నమే. వాళ్ళ నాయన కాలం నుంచీ తోలకమంతా ఎడ్లబండ్ల మీదే. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని గొంతెత్తి పాడేవారు. సోమవారం నుంచి శనివారం దాకా చిప్పల కుప్పల మధ్యే ఆయన కాపురం. నేను ఎస్సెల్సీ తప్పి, మద్రాసులో లారీ నేర్చుకుని, పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో ఆయన దగ్గర డ్రైవరుగా చేరాను. నన్ను కుదుర్చుకునేటప్పటికి ఆయనకు ఇంకా మోటారు బండే లేదు. "బండి వస్తుందిలే, నువ్వు ముందు అన్నం తిను" అన్నారు. అదీ ఆయన వరస.

మోటారు ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పాలి. ఎడ్లు ముసలివయ్యాయన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం బట్టీ దగ్గర చిప్పలు దించే ఆడవాళ్ళ చేతులు. చిప్ప అంచు కత్తిలాగా ఉంటుంది. గంపలకెత్తి దించేసరికి వాళ్ళ అరచేతులు చీరుకుపోయేవి. ఒక సాయంత్రం ఒకావిడ అన్నం కలుపుకోలేక బిడ్డ చేత ముద్దలు పెట్టించుకుంటుంటే ఆయన చూశారట. ఇంటికొచ్చి భార్య రూతమ్మ గారితో, "గడియ తీస్తే సరుకు తనంతట తానే కిందకి పోయే తొట్టి ఒకటి కట్టిస్తానే" అన్నారట. ఆ మాట రూతమ్మ గారే తర్వాత నాకు చెప్పారు.

మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న పాత పికప్పు ఒకటి మద్రాసు వేలంలో దొరికింది. ఇక దాని వెనక తగిలించే ట్రైలరు సంగతి. అబ్బబ్బ, ఆ ఎంపికతో ఆయన నన్ను తిప్పిన తిప్పుడు అంతా ఇంతా కాదు! పెళ్ళిచూపులకు కూడా ఎవరూ అంత తిరిగి ఉండరు. నాలుగు చక్రాలదైతే నిలకడ ఎక్కువ గానీ మా కట్టల దారుల్లో వెనక్కి తిప్పుకోవడం నరకం. కాబట్టి రెండు చక్రాలదే. తొట్టి ఇరుసు మీద ఊగేట్టు, ముందు గడియ వేసేట్టు. అక్కడిదాకా త్వరగానే తేలింది. తగిలించే కొక్కెం దగ్గరే ఆయన ఆగిపోయారు. మద్రాసులో ఒక కారు వెనక ఇనుప గుండు మీద గిన్నె బోర్లించినట్టు కూర్చునే రకం చూశాం, అది మన బరువుకు ఆగదన్నాను. నెల్లూరులో వర్క్‌షాపు ఆయన పిన్ను రకం చాలన్నాడు. రెండు రేకుల మధ్య ట్రైలరు నాలుక దూర్చి పైనుంచి కడ్డీ దించడమే, చవక, సుళువు. మూడోది మిలిటరీ కొక్కెం. కడియాన్ని నోట కరుచుకుని పై దవడ మూసుకుంటుంది, దానికి మళ్ళీ గడియ.

"పిన్ను ఊడిపోతే?" అని అడిగారు దేవసహాయం గారు.

"ఊడితే ట్రైలరు ఒక్కటే పోతాదయ్యా, బండికేం కాదు" అన్నాడు వర్క్‌షాపు ఆయన.

"యాడికి పోతాది?"

దేవసహాయం గారు నా వైపు తిరిగి, "మన దావన ఎప్పుడూ జనం నడస్తానే ఉంటారు గదా పెంచలయ్యా. ఊడొచ్చిన ట్రైలరు ఎవురి మీదకి పోయేదీ మన చేతిలో ఉండదు. వదలని రకమే పెట్టించు" అన్నారు. అట్లా ఆ కొక్కెం ఖాయమైంది.

ఈ కథలో ఇంకొక మనిషి ఉన్నాడు, మస్తానయ్య. బండ్లు తోలేవాళ్ళకు పెద్ద. దేవసహాయం గారికి చిన్నప్పుడు పగ్గం పట్టడం నేర్పింది ఆయనే. అందుకే ఊరంతా గారూ గారూ అంటున్నా మస్తానయ్య మాత్రం "ఏం దేవసాయం" అనే పిలిచేవాడు. బండి సర్దడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఎంత బరువేసినా కాడి ఎద్దు మెడకు ఒత్తుకోకూడదు, అదీ ఆయన పంతం. బరువును కాస్త వెనక్కి జరిపి, కాడి కింద అరచెయ్యి పెట్టి చూసి, అప్పుడు గానీ ఎడ్లను కదలనిచ్చేవాడు కాదు. ఆయన ఎడ్లకు మెడ మీద పుండన్నది ఎవరూ చూసి ఎరగరు.

పికప్పు వచ్చిన రోజున మస్తానయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. "బాగుండాది. అయితే నేనింక గోళ్ళు గిల్లుకుంటా కూర్చోవాల్సిందే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ముఖంలో నెత్తురు లేదు.

దేవసహాయం గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "బండి మారింది గానీ మనిషి మారేదేముంది అన్నా? సరుకు సర్దేది నువ్వే. నువ్వు ఊఁ అంటేనే పెంచలయ్య బండి కదిలిస్తాడు" అన్నారు.

అప్పటికి గానీ ఆ ముసలాయన తలపాగా సర్దుకోలేదు.

సగం సగం బరువులతో కొన్నాళ్ళు మెల్లగా తోలి చూశాం. ఏ చిక్కూ రాలేదు. నిండు బరువు వేసిన మొదటి రోజు పండగ చేసుకున్నాం. దేవసహాయం గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు, మస్తానయ్య చక్రం ముందు కొబ్బరికాయ కొట్టాడు. చిప్పలు పోయిస్తున్నంతసేపూ మస్తానయ్య ట్రైలరు మీద నిలబడి, "వెనక్కి, ఇంకా వెనక్కి" అని అరుస్తూనే ఉన్నాడు. తర్వాత కిందకి దిగి, కొక్కేనికి తగిలించబోయే ముందరి ఇనుప నొగను చేత్తో ఎత్తి చూసి, "పువ్వు మాదిరి లేస్తుండాది చూడండ్రా" అని మురిసిపోయాడు. వెనక బరువుంటే దించేటప్పుడు తొట్టి సుళువుగా ఒరుగుతుందని మేమూ భేష్ అన్నాం. రెండు చక్రాల ట్రైలరును నిండు బరువుతో అంతకు ముందు మాలో ఎవరూ తోలి ఎరగరు.

ముగ్గురం ముందు సీట్లో ఎక్కి బయలుదేరాం, కాలువ వంతెన దిగుతుండగా మొదలైంది. వెనకనుంచి ఎవరో పట్టి కుడికి లాగినట్టయింది, తర్వాత ఎడమకి. బ్రేకు తొక్కేకొద్దీ ఊపు ఎక్కువైంది. ముందు దారిలో గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు బారుగా పోతున్నారు. మరుక్షణం ట్రైలరు పక్కకు తిరగబడి పికప్పును కూడా కాలువ గట్టు కిందకి లాక్కుపోయింది. నాకు దెబ్బలు తగల్లేదు. మధ్యన కూర్చున్న దేవసహాయం గారికి నుదురు చిట్లింది. తలుపు పక్కన కూర్చున్న మస్తానయ్య కుడికాలు రేకుల కింద నలిగిపోయింది. ఆస్పత్రిలో చాలాకాలం ఉండి వచ్చాడు గానీ ఆ కాలు మళ్ళీ భూమికి ఆనలేదు.

ఊరు ఊరుకుంటుందా? "పిన్నయితే ట్రైలరు ఒక్కటే ఊడి కాలవలో పడేది, మనుషులు సుకంగా బయటపడేవాళ్ళు. ఆ పాడు కొక్కెం వదలకబట్టే గదా" అన్నారు. ఆస్పత్రిలో మస్తానయ్య చెవినా అదే పడింది.

ట్రైలరును ఇంటి దొడ్లోకి చేర్చాక, ఒక మధ్యాహ్నం దేవసహాయం గారు నన్ను పిలిచి చిప్పలు మళ్ళీ పోయించారు. ముందు అచ్చం మస్తానయ్య సర్దినట్టే. నొగ పైకి లేచింది. ఒక చంటిబిడ్డ కూడా లేపగలదు. తర్వాత ఆ చిప్పల్నే ముందుకు లాగించారు. ఈసారి నొగ బరువుగా నేలకు దిగింది. మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఎద్దు మెడకు చేసిన ఉపకారమే ఇనుముకు అపకారమైంది. ముక్కు మీద బరువు లేని ట్రైలరు తోక ఊపక ఏం చేస్తుంది? ఆయన ఆ చిప్పల మీదే కూలబడ్డారు.

"రేపు ఊళ్ళో చెప్పేద్దామయ్యా, తప్పు మీ కొక్కెంలో లేదని" అన్నాను.

"వద్దు."

"ఎందుకు వద్దు? అందరూ మిమ్మల్ని అంటుండారు."

"అననీరా. కాలు ఎట్టాగూ పోయింది ఆయనకి. చేతి మీద ఉండే నమ్మకం కూడా పోవాల్నా? ముసలితనాన ఇంకేం పెట్టుకుని బతుకుతాడు?" అన్నారు. నేను ఇంకా ఏదో అనబోతే, "నా మీద ఒట్టు పెంచలయ్యా" అన్నారు. ఒట్లు పెట్టుకోకూడదని బైబిల్లో ఉందని నాకు చెప్పిన మనిషే!

పికప్పును, ట్రైలరును అమ్మేశారు. తోలకం మెల్లగా ఇంకొకరి చేతికి పోయింది. అందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. ఆయన్ని తినేసింది ఒకటే, మస్తానయ్య ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు. ఈయన మాత్రం మానలేదు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక తిన్నగా మస్తానయ్య ఇంటికి పోయి పందిరి కింద నిలబడేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను.

"వచ్చినావా? ఇనుము తెలవనోడికి ఇనుము యాపారం ఎందుకు? ఎద్దయితే నా మాట వినేది. నీ కొక్కెం ఎవురి మాటా వినలా" అన్నాడు మస్తానయ్య నులకమంచం మీదనుంచి.

"తప్పు నాదే అన్నా" అన్నారు దేవసహాయం గారు.

"నేను సర్దిన బండి ఏనాడన్నా పడిందంట్రా?"

"పడలా."

నాకు ఒళ్ళు మండిపోయింది. దారిలో, "ఇంత తిట్టించుకోను మీకేం ఖర్మయ్యా?" అని అడిగేశాను. "తిట్టేంతసేపన్నా నాతో మాట్లాడతాడు గదరా" అన్నారాయన. అంతకు మించి ఆయన నోట ఫిర్యాదన్నది నేను వినలేదు. కానీ ఆ నడకలో ఆయన భుజాలు కుంగిపోయి ఉండటం చూశాను.

ఆ దశాబ్దం చివర్లోనే దేవసహాయం గారు గుండెపోటు వచ్చి పోయారు. సమాధుల దొడ్డిలో పెట్టె దించుతుండగా జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. చంకలో కర్ర పెట్టుకుని మస్తానయ్య వచ్చాడు. గుంత అంచున నిలబడి పిడికెడు మట్టి వేసి, అందరూ వినేట్టుగా, "పోనీలే దేవసాయం, నీ మీద నాకేం కోపం లేదు. మన్నించేసినా. మంచోడివే, కొక్కెం ఎంచేది తెలవలా, అంతే" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నిజంగా ప్రేమతోనే అన్నాడు. నా గొంతులోకి మాట వచ్చేసింది. పక్కనున్న రూతమ్మ గారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. ఆమెకు అంతా తెలుసు. "మంచిది మస్తానన్నా" అని మాత్రం అన్నారు.

ఎందుకయ్యా అంత మంచితనం? స్నేహితుడి పరువు దక్కించావు, స్నేహితుడు దక్కాడా? ఇద్దరూ ఒకరి కోసం ఒకరు అల్లాడిపోతూ, చెరొక గడప దగ్గరే ఉండిపోయారు. నిజం చెప్పి ఉంటే మస్తానయ్య నాలుగు రోజులు ఏడ్చేవాడేమో, ఐదో రోజు వచ్చి నీ పక్కన కూర్చునేవాడేమో. తర్వాత నేనూ సొంతంగా లారీలు తిప్పాను. నా దగ్గర పనిచేసేవాళ్ళు ఎవరైనా తప్పు చేస్తే నలుగురిలో ఒక్క మాట అనలేదు, అది ఆయన దగ్గర నేర్చుకున్నదే. కానీ పక్కకు పిలిచి చెప్పకుండా మాత్రం ఏనాడూ వదల్లేదు. అది ఆయన మీద నా కోపం నేర్పింది.

మస్తానయ్య పోయాడు, రూతమ్మ గారూ పోయారు. ఒట్టు పెట్టించుకున్న మనిషి ఎప్పుడో పోయాడు. మైపాడు దారిలో పాతవాళ్ళెవరైనా కలిస్తే, "దేవసహాయం గారా, పాపం, ఆ కొక్కెంతో చెడ్డాడు" అని ఇప్పటికీ అంటారు. విని ఊరుకుంటాను. ఆ రోజు దారిలో గంపలతో పోతున్న ఆడవాళ్ళంతా సాయంత్రానికి క్షేమంగా ఇళ్ళు చేరారు. ఆ ట్రైలరు విడివడి ఉంటే నేరుగా వాళ్ళ మీదకే పోయేది. ఆ కొక్కెం మంచిదే. ఆయన సరిగ్గానే ఎంచారు.