కవరు దొరికింది, బాల్ దొరకలేదు

పోయిన ఆదివారం నుంచి మా షాపుకు కండ్లద్దాల కోసం వచ్చేవాళ్ళు తగ్గినారు. నన్ను చూసిపోదామని వచ్చేవాళ్ళు ఎక్కువైనారు. లోపలికొస్తారు, ఒకటి రెండు ఫ్రేములు పెట్టుకుంటారు, అద్దంలో వాళ్ళ మొహం చూసుకున్నట్టు చేసి నా మొహం చూస్తారు. ఏం జరిగిందో నేనే చెప్తా వినండి. వేరేవాళ్ళ దగ్గర వింటే కలిపి చెప్తారు. కలపాల్సిన పని కూడా లేదు, ఉన్నదే శానా ఉండాది.

బెంజిమన్ అని, టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ అయిపోయినాక కోటేసుకుని కూర్చుని తెలుగులో విశ్లేషణ చెప్తాడే, ఆయప్ప. ఒకప్పుడు పెద్ద ప్లేయరు. కలకత్తాలో క్లబ్బుకు ఆడినాడు. మోకాలు పోయినాక ఆట మానేసి నోటికి పని చెప్పినాడు. ఆ నోటికి మాత్రం ఇంతవరకు ఏ గాయమూ కాలేదు. స్టార్ ప్లేయర్ పెనాల్టీ మిస్ చేస్తే అందరూ బ్యాడ్ లక్ అంటారు. ఈయప్ప మాత్రం, "లక్కు కాదు, పొద్దున లేసి ప్రాక్టీసుకు పోలేదు" అంటాడు. ఒక కోచ్ గురించయితే, "ఈయనకు టీం అప్పజెప్పేకన్నా గొర్రెల మందను అప్పజెప్పింటే అవన్నా చెప్పిన దిక్కు పోయింటాయి" అన్నాడు.

దీంతో కడపలో ఫుట్‌బాల్ చూసే మా నలభై మందిమి రెండుగా చీలిపోయినాం. ఉన్నది ఉన్నట్టు చెప్పే మొగోడు అని సగం మంది, నోటి దురద మనిషి అని సగం మంది. వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంటే, బెంజిమన్ అంటే పడనివాళ్ళు 'మర్యాద ఫుట్‌బాల్' అని ఇంకో గ్రూపు పెట్టుకున్నారు. అవతలోళ్ళు ఏం అంటాండారో చూడల్ల కాబట్టి అందరం రెండిట్లోనూ ఉండాం.

బెంజిమన్ వైపు లీడర్‌ను నేను. అవతలి వైపు లీడర్ ఖాజా. బస్సు డిపోలో మెకానిక్కు. కాలేజీ రోజుల నుంచి నేను గోల్‌కీపర్‌గా నిలబడితే నా ముందర డిఫెన్స్‌లో వాడే. ఇద్దరికీ ఇప్పుడు యాభై దగ్గర పడినా రోజూ సాయంత్రం టీ కొట్టు దగ్గర కలిసి కొట్లాడుకోకపోతే పొద్దు పోదు.

పోయిన నెల బెంజిమన్ ఒక కుర్ర గోల్‌కీపర్‌ను పట్టుకుని, "దేవుడు వీనికి చేతులిచ్చినాడు గానీ ఎందుకిచ్చినాడో చెప్పలేదు" అన్నాడు. ఖాజాకు శానా కోపమొచ్చింది.

"ఆ పిల్లోని తల్లి కూడా టీవీ చూస్తాంటాది దానియేలూ. అట్ల అనొచ్చా?"

"తల్లి చూస్తాందని అబద్ధం చెప్తారా? నొప్పి పుడితే ఆట మార్చుకోవల్ల" అన్నా నేను. ఆ మాటకు మా వైపోళ్ళు చప్పట్లు కొట్టినారు. నాకే ముచ్చటేసింది.

నేను అంత గట్టిగా నిలబడేదానికి ఇంకో కారణం కూడా ఉండాది. బెంజిమన్‌ది మా ఆవిడ సుగుణ వాళ్ళ ఊరే, వేంపల్లె దగ్గర పల్లె. ఆ ఊరి అల్లుణ్ణి కాబట్టి నన్ను 'బావా' అంటాడు. టీవీలో వచ్చే మనిషి నన్ను బావా అంటాడని చెప్పుకోని రోజు లేదు. షాపులో లెన్సు తుడుస్తా కూడా చెప్తాంటా.

ఆ ఊరి చర్చి పండగకు ప్రతి ఏడూ ఫుట్‌బాల్ మ్యాచ్ పెడతారు. ఊరోళ్ళు ఒక పక్క, కడప నుంచి పోయే మాబోటి పాత ప్లేయర్లు ఒక పక్క. ఈ తూరి పండగకు బెంజిమన్ ఊరికొస్తాండాడని తెలిసి నేనే ఫోన్ చేసినా. మైకులో కామెంటరీ చెప్పమని అడిగినా.

"ఏం మాట్లాడమంటావు బావా?"

"టీవీలో మాట్లాడినట్టే మాట్లాడు బెంజీ. మొహమాటం పెట్టుకోవద్దు."

"మనోళ్ళు కదా. ఆలోచించుకో."

"ఆలోచించేదేముంది? తప్పు చేసినోన్ని తప్పు చేసినాడని చెప్పు."

నా మనసులో ఉండేది ఖాజా. వాడు లావైనాడు, తిరగమంటే లారీ తిరిగినట్టు తిరుగుతాడు. బెంజిమన్ వాన్ని నాలుగు మాటలంటే ఊరంతా వింటాది, నేను గోల్‌లో నిలబడి హాయిగా నవ్వుకుంటా. ఇదీ నా ప్లాను.

నిజానికి మా కీపర్ నేను కాదు. నేను గ్రౌండులో దిగి పదేండ్లయింది. ఇప్పుడు కీపింగ్ చేసే ఆయప్ప ఇంట్లోవాళ్ళను తీసుకుని మహానందికి పోయినాడు. అదీ మంచిదే అనుకున్నా. ఆన్‌లైన్‌లో గ్లవుజులు తెప్పించినా. ఆరెంజ్ కలర్. హాల్లో సోఫా మీదికి రెండు దినాలు దూకి ప్రాక్టీసు చేసినా. సుగుణ ఫ్లవర్‌వాజు తీసి బీరువాలో పెట్టింది.

ఆదివారం సాయంత్రం నాలుగ్గంటలకు మ్యాచ్. చర్చి వెనకాల ఎర్రమట్టి గ్రౌండు. ఒక చివర మైకు సెట్టు, రెండు హారన్లు, టేబులు వెనకాల బెంజిమన్. మా అత్తామామలు ముందర కుర్చీల్లో. ఊరి పిల్లలు ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తాండారు. అది చూసినాక నేను ఒక పని చేసినా. కండ్లద్దాలు తీసి సుగుణ చేతికిచ్చినా.

"ఏమయ్యా, ఇవి నాకెందుకు?"

"బ్యాగులో పెట్టు. వీడియోలో ముసిలోని మాదిరి కనపడతా."

"ఇవి లేకుంటే నీకు బాల్ కాదు కదా, నేను కూడా కనపడను."

"నువ్వు గోల్‌లోకి రావు కదా" అన్నా.

నా పవర్ మైనస్ మూడున్నర. షాపులో ఎవరన్నా ఇదే పని చేస్తే పది నిమిషాలు క్లాసు పీకి పంపిస్తా.

రెఫరీ విజిల్ కొట్టినాడు. దూరంగా రంగులు కదుల్తాండాయి. ఎర్ర రంగు మాది, నీలం రంగు వాళ్ళది. దుమ్ము లేస్తాంది, ఎదురుగా పొద్దు. పది నిమిషాలు బాల్ నా దిక్కు రాలేదు, నేను రెండు చేతులు చాపి శానా స్టైల్‌గా నిలబడినా. అంతలో నీలం రంగు దగ్గరికొచ్చింది. ఎవరో కొట్టినారు. తెల్లగా ఒకటి గాల్లో తేల్తా నా ఎడమ పక్కకొచ్చింది. దూకినా. సోఫా మీదికన్నా బాగా దూకినా. రెండు చేతుల్తో పట్టుకుని గుండెకు హత్తుకుని నేల మీద పడుకుండిపోయినా, చప్పట్ల కోసం.

చప్పట్లు రాలేదు. విజిల్ వచ్చింది. చేతులు తెరిచి చూస్తే బట్టల షాపు కవరు. బాల్ కుడి పక్క నుంచి నెట్లోకి పోయి అప్పటికే చల్లగా ఉండాది.

హారన్లలో బెంజిమన్ గొంతు, నిదానంగా వచ్చింది. "కవరు దొరికింది." కొంచెం ఆగినాడు. "బాల్ దొరకలేదు."

గ్రౌండు చుట్టూ ఉన్న జనం పడీపడీ నవ్వినారు. మా అత్త కొంగు నోట్లో కుక్కుకునింది. మా మామ ఆకాశం దిక్కు చూస్తా కూర్చున్నాడు, వాన పడే సూచనలేమీ లేకున్నా.

అంతటితో వదల్లేదు ఆయప్ప. "గోల్‌లో ఉండేది మన ఊరి అల్లుడే. కడపలో కండ్లద్దాల షాపు. మనోళ్ళు శానామంది ఆడనే చేయించుకున్నారు. రేపు పొద్దున ఒకసారి వేరే యాడన్నా చెక్ చేయించుకోండప్పా."

ఖాజా నా దగ్గరికొచ్చినాడు. ఓదారుస్తాడనుకున్నా. "ఆ కవరు ఇట్లియ్యి, మళ్ళీ గాలికొస్తే నువ్వు కన్‌ఫ్యూజ్ అయితావు" అని మడిచి జేబులో పెట్టుకుని పోయినాడు.

హాఫ్‌టైంలో నేరుగా టేబులు దగ్గరికి పోయినా.

"ఏం బెంజీ, షాపు సంగతి ఎందుకు ఎత్తినావు? అది నా బతుకుతెరువు."

"మొహమాటం వద్దన్నావు కదా బావా."

"అది ఆటగాళ్ళ విషయంలో."

"నువ్వు ఆటగానివి కాదనే నేనూ అనుకుంటాండా. కానీ ఆ మాట మైకులో అనలేదు, గమనించు."

పక్కనున్న మైకాయన నవ్వు దాచుకునేదానికి వైర్లు సర్దుకుంటాండాడు. "పోయి అద్దాలు పెట్టుకో, రెండడుగులు ముందుకొచ్చి నిలబడు" అని బెంజిమన్ మంచి మాటే చెప్పినాడు. ఆ మంట మీద మంచి మాట యాడ ఎక్కుతాది? అద్దాలు పెట్టుకుంటే వాని మాట విన్నట్టయితాది. అట్లనే పోయి నిలబడినా.

సెకండ్ హాఫ్‌లో పది నిమిషాలకు ఒక షాట్ వచ్చింది. నేను చూసిందేమీ లేదు. నా మొహం ఉన్న చోటికి బాల్ వచ్చింది, అంతే. ఠాప్ మని తగిలి ఎగిరి అవతలికి పోయింది. చెవుల్లో గుయ్ మంటాంది. జనం అరుస్తాండారు. హారన్లలో బెంజిమన్ ఏదో చెప్తాండాడు. రెండు హారన్లకు మాట రెండు తూర్లు వినపడుతాంది, అందులో నాకు అందింది రెండే ముక్కలు. "ఈ వయసులో" అని ఒకటి. "సిగ్గుపడల్ల" అని ఇంకొకటి.

ఇంక ఆగలేకపోయినా. గ్లవుజులు పీకి పారేసినా. గోల్ వదిలేసి గ్రౌండు గట్టునే టేబులు దిక్కు నడిచినా. వెనకాల ఖాజా, "దానియేలూ, యాడికి పోతాండావు? ఆట ఆగలేదు" అంటాండాడు. నేను వినే స్థితిలో లేను.

"ఎవరు సిగ్గుపడల్ల? మళ్ళీ చెప్పు" అన్నా టేబులు మీద చెయ్యి కొట్టి. మైకు ఆన్‌లోనే ఉండాది, నా అరుపు ఊరంతా పోయింది.

బెంజిమన్ నన్నే చూస్తా, "ఈ వయసులో మొహం అడ్డం పెట్టి గోల్ ఆపినాడంటే, మీ టీంలో మిగతావాళ్ళు సిగ్గుపడల్ల అన్నా బావా. మెచ్చుకుంటాంటే వచ్చినావు" అన్నాడు.

అదే టైంలో నా వెనకాల పెద్ద గోల లేసింది. ఊరోళ్ళ టీంలో ఆడే మా బామ్మర్ది యేసోబు, సుగుణకు సొంత తమ్ముడు, సెంటర్ నుంచి బాల్ నిదానంగా తన్నినాడు. అది దొర్లుకుంటా, దొర్లుకుంటా ఖాళీ గోల్‌లోకి పోయింది. వాడు పరిగెత్తి సంబరాలు కూడా చేసుకోలేదు, పాపం అనిపించిందేమో.

బెంజిమన్ మైకు దగ్గరికి లాక్కున్నాడు. "ఇంతకుముందు ఒక మెప్పు ఇచ్చినా. అది వెనక్కి తీసుకుంటాండా."

రెండు గోల్స్ తేడాతో ఓడిపోయినాం. కడపకు తిరిగొచ్చేటప్పుడు బస్సులో సుగుణ నా అద్దాలు తీసిచ్చింది, ఒక్క మాట అనకుండా. దానికన్నా నాలుగు తిట్టింటే బాగుండు. ముందు సీట్లో ఖాజా ఫోన్‌లో ఆ వీడియో చూస్తాండాడు, ముందుకీ వెనక్కీ జరుపుకుంటా. మేము ఇల్లు చేరేలోపల గ్రూపులో వాని మెసేజ్ పడింది. 'బెంజిమన్‌ను నేను తప్పుగా అర్థం చేసుకున్నా. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి.'

నేను ఇంట్లో చెప్పులు కూడా విప్పకముందే రాసినా. 'ఎంత నిజమైనా చెప్పే పద్ధతి ఒకటి ఉంటాది. ఎదుటోని అత్తామామలు కూడా వింటాంటారు.' రాసి, మర్యాద గ్రూపులో లీడర్‌గా ఉంటానన్నా. వాళ్ళు ఆలోచించి చెప్తామన్నారు.

మంగళవారం మధ్యాహ్నం షాపులో ఒక్కన్నే ఉండా. క్యాపు కిందికి లాక్కుని ఒకాయన లోపలికొచ్చి తలుపు దగ్గరికేసినాడు. చూస్తే బెంజిమన్.

"కోపం పోయిందా బావా?" అని స్టూలు మీద కూర్చున్నాడు. కొంచెంసేపు గోడలు చూసినాడు. "నా కండ్లు ఒకసారి చూడు" అన్నాడు.

చార్టు దిక్కు కూర్చోబెట్టినా. మొదటి లైను చదివినాడు. రెండోది ఆగి ఆగి చదివినాడు. మూడోది ఊహించి చెప్పినాడు, అందులో ఒకటి కూడా రైట్ కాదు.

"బెంజీ, నీకు దూరం కనపడదు."

"తెలుసు. టీవీలో అయితే ముందర స్క్రీన్ పెడతారు, నడిచిపోతాది."

"మరి ఆదివారం కామెంటరీ ఎట్ల చెప్పినావు?"

"పక్కన మైకాయన చెప్తాంటే చెప్పినా." గొంతు తగ్గించినాడు. "నిజం చెప్పల్లంటే నేను కూడా అది బాలే అనుకున్నా బావా. భలే పట్టినాడే అని నోటి దాకా వచ్చింది. అది కవరని ఆయప్ప చెప్పినాడు."

నాకు లేచి గంతులేయాలనిపించింది. పైకి మాత్రం డాక్టర్ మాదిరి తలూపినా. బెంజిమన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పొద్దు బావా. మొహమాటం లేకుండా మాట్లాడేవాళ్ళకు శత్రువులు ఎక్కువ." టీవీలో కనపడీ కనపడనట్టుండే సన్న ఫ్రేము ఒకటి ఏరుకుని, తయారైనాక కొరియర్‌లో పంపమని అడ్రసు రాసిచ్చి పోయినాడు.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నా. ఆయప్ప కారు మా సందు మలుపు తిరిగేదాకా. ఆ తర్వాత షాపు షట్టర్ సగం దించి టీ కొట్టు దగ్గరికి దాదాపు పరిగెత్తినా. ఖాజా ఉండాడు, రెండు గ్రూపులోళ్ళూ ఉండారు. మొత్తం చెప్పినా. స్టూలు, చార్టు, మూడో లైను, కవరు, ఏదీ వదల్లేదు.

ఖాజా టీ ఊదుకుంటా అడిగినాడు. "వచ్చింది బెంజిమనే అని నీకెట్ల తెలుసు?"

"నా కండ్లతో చూసినా కదా."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా టీ వచ్చింది. టీ కొట్టు ఆయప్ప ఎప్పటి మాదిరి గ్లాసు బల్ల మీద పెట్టి పోలేదు. నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు తెరిచి, గ్లాసు అందులో పెట్టి, "జాగ్రత్తన్నా, వేడిగా ఉండాది" అన్నాడు.