కనకలక్ష్మి పేరు మీద వచ్చిన అంకెలు

ఫీల్డుకు వెళ్ళే రోజు కనకలక్ష్మి చీరకు ఒక్క పిన్నీసు కూడా పెట్టుకునేది కాదు. భూమి అయస్కాంత శక్తిని కొలిచే పరికరం దగ్గర కాస్త ఇనుమున్నా లెక్క తప్పుతుంది. గవర్నర్‌పేటలోని ఆఫీసులో చేరినప్పటి నుంచీ, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమెది ఇదే పని.

దేశమంతటా కొత్తగా పద్దెనిమిది అయస్కాంత వేధశాలలు కట్టాలని ఆమె పనిచేసే సంస్థ తలపెట్టింది. అందులో ఒకటి కృష్ణా డెల్టాకు వచ్చింది. రైళ్ళకూ కరెంటు లైన్లకూ దూరంగా స్థలం వెతికే పని ఆమెకు అప్పగించారు. పై అధికారి జానకిరామ్. అతను ఉద్యోగంలో చేరిన కొత్తలో పరికరం పట్టుకోవడం నేర్పింది ఆమే. హోదా పెరిగినా "అక్కా" అనే పిలిచేవాడు.

ఏడాది తిరిగాక నాగాయలంక అవతల ఒక చేపల పల్లె పక్కన మంచి చోటు దొరికింది. అంకెలు రోజుల తరబడి నిలకడగా వచ్చాయి. పోలిక కోసం గన్నవరంలో హైవే పక్కన కొలిస్తే మాత్రం దగ్గర్లోని పట్టాల మీద రైలు వెళ్ళినప్పుడల్లా ఎగిరిపడ్డాయి.

పల్లెలో ఆ స్థలానికి ఆనుకుని దానమ్మ ఇల్లుంది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. తాటాకు తీసేసి ఇనప రేకులు వేయించుకోబోతుంటే కనకలక్ష్మి ఆపింది.

"పని తేలేదాకా ఆగు దానమ్మా. వేధశాల వస్తే ఈ చుట్టుపక్కల మంచినీళ్ళు పాడుచేసే రొయ్యల చెరువులు తవ్వనివ్వరు. పూచీ నాది."

"మీరు చెప్పారుగా అమ్మగారూ, ఆగుతాలెండి" అంది దానమ్మ. ఆ వానాకాలమంతా కారే చోటల్లా గిన్నెలు పెట్టుకుని గడిపింది.

కార్తీకంలో విజయవాడలో కమిటీ సమావేశం జరిగింది. తెర మీద మ్యాపులో, ఎంపికైన చోటిని చూపే ఎర్రచుక్క గన్నవరం దగ్గరుంది. పక్కన పట్టికలో గన్నవరం నిలకడ, నాగాయలంక అలజడి. కింద పరిశీలకురాలిగా ఆమె పేరు.

కనకలక్ష్మి లేచి నిలబడింది. "సార్, ఈ అంకెలు నావి కావండీ. ఊళ్ళ పేర్లు తారుమారయ్యాయి."

"టైపింగులో ఏదో జరిగుంటుంది. తర్వాత చూద్దాం, మీరు కూర్చోండి మేడమ్" అన్నాడు జానకిరామ్. అతని నోట ఆ మేడమ్ వినడం ఆమెకు అదే మొదటిసారి.

బయట వరండాలో అతన్ని నిలబెట్టి అడిగింది.

"ఢిల్లీ వాళ్ళు గన్నవరంలో విమానం దిగి, అక్కడికక్కడే చూసి వెళ్ళిపోవాలంటున్నారక్కా. నాగాయలంక దాకా ఎవరొస్తారు చెప్పు? నా ప్రమోషన్ దీంతోనే ముడిపడి ఉంది. నువ్వెలాగూ మార్చిలో రిటైరవుతావు, నిన్నెవరడుగుతారు?"

"అందుకని నా పేరు పెట్టావా?"

అతను ఫోన్ చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ వారమే ఆమె తన ఫీల్డు పుస్తకాల నకళ్ళు కమిటీలో ప్రతి ఒక్కరికీ పంపింది. జనవరిలో బయటి నిపుణులు వచ్చి మళ్ళీ కొలిచారు. గన్నవరం కొట్టేశారు. కానీ గడువు దాటిపోయిందని డెల్టాకు ఇచ్చిన వేధశాలనే వేరే రాష్ట్రానికి మార్చేశారు. జానకిరామ్‌ని హైదరాబాద్ బదిలీ చేశారు, ప్రమోషన్ మీదే. రిటైర్మెంట్ రోజున అతను పంపిన శాలువాను ఆమె ఆఫీసు బల్ల మీదే వదిలేసి వచ్చింది.

మర్నాడు బస్సెక్కి నాగాయలంక వెళ్ళింది. అప్పటికే పల్లె పక్కన పొక్లెయిన్ మట్టి తవ్వుతోంది. రొయ్యల చెరువుకట. దానమ్మకు జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆమె ఎండబెట్టిన చేపలు తిరగేస్తూ వింది.

"ఆ జానకిరామెవరో నాకు తెలీదమ్మగారూ" అంది దానమ్మ చివరికి. "నన్ను ఆగమన్నది మీరు."

కనకలక్ష్మి తిరిగి బస్సు దగ్గరికి నడిచి వెళ్ళేదాకా దానమ్మ తలెత్తలేదు.